ఇంటికి రెండో ఫోన్ లైన్: సిమ్మా, ఫైబరా, పాత ల్యాండ్‌లైనా?

ఒకే నంబరు దుకాణానికి, చుట్టాలకు, పిల్లల బడికి, బ్యాంకుకు ఇచ్చుకుని నెట్టుకొస్తున్న ఇళ్లు నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఇంటాయన ఆ ఫోన్ జేబులో వేసుకుని మిల్లుకో పొలానికో పోయాడంటే ఇక ఇంటికి ఫోన్ లేనట్టే. పట్నంలో ఉన్న కొడుకు అమ్మతో మాట్లాడాలంటే నాయన ఇల్లు చేరేదాకా ఆగాలి. ఇంట్లోనే చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ల బాధ ఇంకోటి. మా చిన్నమ్మ మిర్యాలగూడలో ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆమె ఫోన్ ఎప్పుడూ ఎంగేజే. "ఎన్నిసార్లు చేసినా కలుస్తలేదని ఇంకో దగ్గర ఇచ్చినం అక్కా" అని గిరాకీ మొహమ్మీదే చెప్పిపోతారు.

ఇలాంటి ఇంటికి రెండో లైన్ కావాల్సిందే. దానికి నెలకు 500 పెట్టాలా, 150తో అయిపోతుందా, అసలు కొత్తగా ఏమీ కట్టకుండానే వస్తుందా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఇప్పటికే ఫైబర్ నెట్ ఉంటే మరే కనెక్షన్ జోలికీ పోవద్దు, ఆ బాక్సుకే ఒక ఫోన్ తగిలించండి. నెట్ లేని ఇల్లయితే ఒక బటన్ ఫోన్, అందులో మీ మొదటి నంబరుది కాకుండా వేరే కంపెనీ సిమ్, దానికి మాటలకు మాత్రమే పనికొచ్చే పొడుగు ప్యాక్. మిగతావన్నీ ప్రత్యేకమైన అవసరం ఉన్నవాళ్లకే.

డబ్బు తీసే ముందు ఒకటి చూసుకోండి. మీ ఇబ్బంది ఎంగేజ్ టోన్ ఒక్కటే అయితే కాల్ వెయిటింగ్ ఆన్‌లో ఉందో లేదో ఫోన్ సెట్టింగ్స్‌లో చూడండి. కొన్ని ఫోన్లలో అది ఆఫ్‌లో పడి ఉంటుంది. ఆన్ చేస్తే మీరు ఒకరితో మాట్లాడుతుండగా రెండోవారి కాల్ కూడా వినపడుతుంది. పైసా ఖర్చు లేదు. కానీ ఫోన్ జేబులో పెట్టుకుని మనిషి బయటికి పోయే ఇంటికి ఇది పనికిరాదు. అక్కడ ఇంట్లో మోగే ఫోన్ వేరేగా ఉండాలి.

ఫైబర్ బాక్సు వెనకాల చూశారా?

నెట్ పెట్టించుకున్న ఇళ్లలో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇది. బీఎస్ఎన్ఎల్ భారత్ ఫైబర్ గానీ, జియో ఫైబర్ గానీ, ఎయిర్‌టెల్ ఎక్స్‌స్ట్రీమ్ గానీ, ఇంటర్నెట్‌తో పాటు ఒక ల్యాండ్‌లైన్ నంబరు, దాని మీద దేశంలో ఎక్కడికైనా అపరిమిత కాల్స్ కూడా ఇస్తాయి. నెలనెలా కట్టే బిల్లులోనే అది కలిసి ఉంటుంది. కుర్రాళ్ల చదువుకనో, టీవీకనో నెట్ పెట్టించుకుని ఆ నంబరు ఏమిటో కూడా తెలియకుండా కట్టేస్తున్నవాళ్లు బోలెడుమంది.

బాక్సును తిప్పి వెనక చూడండి. నెట్ వైరు గుచ్చే వెడల్పాటి సాకెట్లు వరసగా ఉంటాయి. వాటికి పక్కన కొంచెం సన్నగా ఇంకో సాకెట్ కనిపిస్తుంది. దాని మీద టెల్ అనో, ఫోన్ అనో, పాట్స్ అనో రాసి ఉంటుంది. మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు అందులో టక్కుమని కూర్చుంటుంది. రిసీవర్ ఎత్తి వినండి. ఆగకుండా డయల్ టోన్ వస్తే లైన్ సిద్ధంగా ఉన్నట్టే, ఆ ఫోన్ నుంచి మీ మొబైల్‌కు కొట్టి చూస్తే నంబరేదో తెలుస్తుంది. ఏ చప్పుడూ లేకపోతే నంబరు ఇంకా యాక్టివేట్ చేయలేదని అర్థం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "మా ప్లాన్‌లో ఉన్న వాయిస్ యాక్టివేట్ చేయండి" అని అడగాలి.

దీనికి అయ్యే ఖర్చల్లా ఫోన్‌కే. మామూలు వైరు ఫోన్ 500 నుంచి 1000 రూపాయల్లో దొరుకుతుంది. కార్డ్‌లెస్ కావాలంటే 2000 పైన పెట్టాలి. బాక్సు హాల్లో ఉండి ఫోన్ వంటింటి పక్కన కావాలంటే రెండు తీగల టెలిఫోన్ వైరు లాగించుకుంటే సరి, ఇంట్లో లాగేంత దూరానికి మాట స్పష్టత ఏమీ తగ్గదు. ఒక్క జాగ్రత్త: ఇంట్లో పాత రాగి ల్యాండ్‌లైన్ వైరింగ్ ఉండి దాన్నే వాడుకోవాలనుకుంటే, బయట స్తంభం నుంచి వచ్చే పాత జతను ముందు విడదీయించండి. రెండు వైపులా కరెంటు కలిస్తే బాక్సు పాడవుతుంది.

ఈ లైన్‌కు పెద్ద లోపం కరెంటు. పాత రాగి లైన్‌కు ఎక్స్‌ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ అలా కాదు, ఇంట్లో కరెంటు పోయిన క్షణమే బాక్సు ఆరిపోతుంది, దానితోపాటే ఫోన్. ఎండాకాలం మధ్యాహ్నాలు, గాలివాన సాయంత్రాలు మనకు తెలియనివి కావు. ఇన్వర్టర్ ఉంటే బాక్సును దాని ప్లగ్గుకు మార్చండి. లేకపోతే రౌటర్ల కోసం వచ్చే చిన్న యూపీఎస్ 1000 నుంచి 1500 రూపాయలకు దొరుకుతుంది, బాక్సును కొన్ని గంటలు నిలబెడుతుంది. కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదివి అదే లెక్కది తీసుకోండి. ఇంకోటి, మండల కేంద్రాల్లో కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చే కనెక్షన్ అయితే ఆయన గదిలో బ్యాటరీ ఉందా లేదా అని అడగండి. ఆయన దగ్గర కరెంటు పోతే మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా లాభం లేదు.

నెట్ లేని ఇల్లు కేవలం రెండో లైన్ కోసం ఫైబర్ పెట్టించుకోవాలా? నేనైతే వద్దంటాను. జియోలో తక్కువ ప్లాన్ 399, ఎయిర్‌టెల్‌లో 499 దగ్గర ఉంటూ వచ్చాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 399 ప్లాన్ చేతికి 471 పడుతుంది, 499 ప్లాన్ 589. ఏడాదికి ఆరేడు వేలు. ఇంట్లో చదువుకునే పిల్లలుండి నెట్ ఎలాగూ కావాలంటే అది వేరే లెక్క, అప్పుడు ఫోన్ లైన్ ఉచితంగా వచ్చినట్టే. మాట్లాడుకోవడానికి మాత్రమే అయితే అంత పెట్టక్కర్లేదు.

రెండో సిమ్: ఏ ఫోన్‌లో వేస్తారన్నదే ముఖ్యం

రెండో నంబరు అనగానే అందరూ చేసే పని, ఉన్న స్మార్ట్‌ఫోన్‌లోనే రెండో సిమ్ వేయడం. అదనపు ఫోన్ కొనక్కర్లేదు, తేలికే. కానీ మన రెండు కష్టాల్లో ఒక్కటీ దానితో తీరదు. ఆ ఫోన్ ఇంటాయన జేబులోనే పోతుంది. పైగా మామూలు డ్యూయల్ సిమ్ ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది అందుబాటులో లేదనే వస్తుంది. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోకి పోయి, అందుబాటులో లేనప్పుడు కాల్ రెండో నంబరుకు పోయేలా ఫార్వార్డింగ్ పెట్టుకోవచ్చు. ఒంటరిగా తిరిగే చిన్న వ్యాపారికి ఇది బాగానే పనిచేస్తుంది. ఇంట్లో ఉండేవాళ్లకు ఇది చాలదు.

ఫార్వార్డింగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఎవరో ఫోన్ చేసి, కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, *401* కొట్టి ఫలానా నంబరు వేయండి అంటే వినొద్దు. అది మీ కాల్స్‌ను, వాటితోపాటు ఫోన్ ద్వారా చెప్పే ఓటీపీలను కూడా వాళ్లకు మళ్లించే మోసం. ఈ మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి స్టార్ కోడ్‌లతో ఫార్వార్డింగ్ పెట్టుకునే సౌకర్యాన్ని టెలికాం శాఖ ఆపించింది. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ ఇచ్చే రోజే ఈ మాట చెప్పండి.

ఇంట్లోనే ఉండే బటన్ ఫోన్ మంచి దారి. గోడకు ఒక చిన్న అర కొట్టించి చార్జర్‌తో సహా అక్కడే పెట్టేయండి. ఫోన్ ఆ జాగ వదిలి పోకూడదన్నది ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, ఎవరైనా జేబులో వేసుకుని పోయారంటే మళ్లీ మొదటికే వస్తుంది. బటన్ ఫోన్ బ్యాటరీ రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి కరెంటు బెంగ లేదు. అవ్వ కూడా పచ్చ బటన్ నొక్కి ఎత్తగలదు.

సిమ్ కొనేటప్పుడు ఫోన్‌ను చూసుకోండి. జియోకు 2జీ లేదు, కాబట్టి పాత 2జీ బటన్ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, 4జీ బటన్ ఫోనే కావాలి. ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా), బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు పాత ఫోన్‌లోనూ నడుస్తాయి. ఇంట్లో పాత ఫోన్ మూలన పడి ఉంటే ఈ తేడా మీకు వెయ్యి రూపాయలు మిగిలిస్తుంది.

ఇక ప్యాక్‌లు. మొన్నమొన్నటిదాకా మాట్లాడుకోవడానికి సిమ్ పెట్టుకున్నా డేటాతో కలిపిన ప్యాక్ వేయించుకోక తప్పేది కాదు. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని మార్చింది. కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు ప్రతి కంపెనీ పెట్టాలని, వాటి గడువు 365 రోజులదాకా ఉండొచ్చని చెప్పింది. దాంతో 2025 జనవరిలో ఇవి వచ్చాయి: జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1748, ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1849, వీఐలో 84 రోజులకు 470, 365 రోజులకు 1849. ధరలు మారుతుంటాయి, రీచార్జ్ కొట్టించే రోజు యాప్‌లో ఒకసారి చూసుకోండి. అడిగితే తప్ప దుకాణంలో ఈ ప్యాక్‌లు చెప్పరు, డేటా ప్యాకే చూపిస్తారు. "మాటలకు మాత్రమే ఉండేది కొట్టు" అని గట్టిగా అడగండి.

లెక్క వేస్తే పొడుగు ప్యాక్‌లు నెలకు 150 నుంచి 156 మధ్య పడతాయి. 336 రోజులంటే ఏడాది కాదు, 29 రోజులు తక్కువ. ఈ తేడా లెక్కలోకి తీసుకుంటే జియో 1748, ఎయిర్‌టెల్ 1849 దాదాపు సమానమే. కాబట్టి ధర చూసి తేల్చుకోవాల్సిన పని లేదు, మీ ఇంట్లో ఏ సిగ్నల్ బాగా అందుతుందో అదే తీసుకోండి.

ఇంతకంటే తక్కువలో కావాలంటే జియో భారత్ ఫోన్ ఒకటి ఉంది. 2023లో 999 రూపాయలకు వచ్చింది. ఆ ఫోన్‌కు మాత్రమే పనిచేసే ప్లాన్ 28 రోజులకు 123, లేదా 336 రోజులకు 1234. అంటే 30 రోజులకు 110 రూపాయలు. అపరిమిత కాల్స్, కొంత డేటా కూడా వస్తాయి. కానీ అందులో ఇంకో కంపెనీ సిమ్ నడవదు, ఆ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసినా ఈ చవక ప్లాన్ వర్తించదు. మీ ఊళ్లో జియో సిగ్నల్ బాగుంటే నిక్షేపంగా తీసుకోండి.

సిగ్నల్ విషయంలో మన ప్రాంతం ఒకే తీరుగా లేదు. నల్గొండ గడియారం సెంటర్‌లోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో అన్నీ అందుతాయి. దేవరకొండ దాటి చందంపేట గుట్టల వైపు, అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవి వైపు పోతే ఒక ఊళ్లో ఒకటే అందుతుంది, పక్క తండాలో ఇంకోటి. మందపాటి రాతి గోడల ఇళ్లలో వాకిట్లో నాలుగు గీతలున్న సిగ్నల్ లోపలి అర్రలో ఒక్క గీతకు పడిపోతుంది. అందుకే ముందు చుట్టాల ఫోన్ ఏదైనా అడిగి తీసుకుని, మీరు ఫోన్ పెట్టబోయే జాగలోనే నిలబడి ఒక కాల్ మాట్లాడి చూడండి. మొదటి నంబరు, రెండో నంబరు ఒకే కంపెనీవి కాకుండా చూసుకోవాలనడానికి కారణం కూడా ఇదే. టవర్ పోయిన రోజు ఇంటికి రెండూ పోకూడదు.

పాత రాగి లైన్, ఇంకొన్ని దారులు

ల్యాండ్‌లైన్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. వాళ్లకు ఆ నంబరు మీద ఉన్న మమకారం నాకు అర్థమవుతుంది. కానీ కొత్తగా రాగి లైన్ వేయించుకోవాలని ఇప్పుడు తిరగొద్దు. బీఎస్ఎన్ఎల్ కూడా రాగి నుంచి ఫైబర్‌కు మారుస్తోంది. వానాకాలంలో జాయింట్లలోకి నీళ్లు పోయి గరగర శబ్దం వచ్చే బాధ దానితో పోతుంది కూడా. మీ ఇంట్లో పాత నంబరు ఇంకా బతికే ఉంటే దాన్ని సరెండర్ చేయకండి. ఫైబర్‌కు మారినప్పుడు అదే నంబరు కొనసాగించమని దరఖాస్తులో రాయించండి.

ఒకే లైన్‌కు రెండు ఫోన్లు తగిలించి ఒకటి ముందరింట్లో, ఒకటి వెనకింట్లో పెట్టుకోవడం రెండో లైన్ కాదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఎత్తితే అంతా వినిపిస్తుంది, బయటివాళ్లకు ఎంగేజే వస్తుంది. పెద్ద ఇంట్లో నడిచే బాధ తగ్గించుకోవడానికి మాత్రం బాగానే ఉంటుంది. ఫైబర్ బాక్సుకు రెండు ఫోన్ సాకెట్లు ఉన్నంత మాత్రాన రెండు నంబర్లు వచ్చినట్టూ కాదు, రెండో నంబరు కంపెనీ ఇస్తేనే ఆ సాకెట్ పలుకుతుంది.

చూడ్డానికి ల్యాండ్‌లైన్ లాగే ఉండి లోపల సిమ్ వేసుకునే టేబుల్ ఫోన్లు కూడా ఉన్నాయి. ఒకప్పటి టాటా ఇండికామ్ వాకీ గుర్తున్నవాళ్లకు ఇది తెలిసిన వస్తువే. పెద్ద బటన్లు, చేతినిండా పట్టే రిసీవర్ కావాలనుకునే ముసలివాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. 2జీ మోడళ్లు చవక. 4జీవి ఎక్కువే పలుకుతాయి. వీటిలో కూడా పైన చెప్పిన వాయిస్ ప్యాకే వేసుకోవచ్చు.

ఉచితంగా రెండో నంబరు ఇస్తామనే యాప్‌ల వైపు అసలు చూడొద్దు. ఆ నంబరు మీ పేరు మీద ఉండదు, రేపు ఇంకొకరికి పోతుంది.

నంబరు ఎన్నాళ్లు మీదగా ఉంటుంది?

దుకాణం బోర్డు మీద రాయించుకునే నంబరైతే దీని గురించి బాగా ఆలోచించాలి. మొబైల్ నంబరు కంపెనీ నచ్చకపోతే 1900కు మెసేజ్ పెట్టి ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు, నంబరు మీదే ఉంటుంది. ల్యాండ్‌లైన్‌కు ఆ వీలు లేదు. ఫైబర్ కంపెనీ మార్చినా, నెట్ బిల్లు మానేసినా ఆ నంబరు పోతుంది. మరోవైపు 08682తోనో 08542తోనో మొదలయ్యే నంబరు చూస్తే నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో స్థిరంగా ఉన్న దుకాణమని కొత్త గిరాకీకి నమ్మకం కలుగుతుంది. వాట్సాప్ బిజినెస్‌ను ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా తెరవచ్చు, మెసేజ్‌కు బదులు కాల్ ద్వారా కోడ్ చెప్పించుకుంటే చాలు. చిన్నమ్మలాంటి వాళ్లకు ఇది బాగా ఉపయోగం. కొలతలు, డిజైన్ ఫొటోలు ఆ నంబరు వాట్సాప్‌కు వస్తాయి, సొంత నంబరు చుట్టాలకే మిగులుతుంది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలని కూడా ఇంట్లో చెప్పిపెట్టండి. 2021 జనవరి 15 నుంచి ఇది నిబంధన.

బ్యాంకు, గ్యాస్, ఆధార్ లాంటి వాటికి ల్యాండ్‌లైన్ పనికిరాదు, ఎస్ఎంఎస్‌లు దానికి రావు. వాటికి సిమ్ నంబరే ఇవ్వాలి. ఆ సిమ్‌ను రీచార్జ్ లేకుండా మూలన పడేయకూడదు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే, ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకపోతే నంబరు రద్దవుతుంది, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ బ్యాంకు మెసేజ్‌లు వాళ్ల ఫోన్‌కు పోతాయి. పండక్కి వచ్చినప్పుడు పట్నం పిల్లలు అమ్మ ఫోన్ గడువు ఒకసారి చూసి పోవడం మంచి అలవాటు.

సిమ్ ఎవరి పేరు మీద తీసుకున్నారన్నది కూడా ముఖ్యమే. ఒక మనిషి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లే ఉండాలి. మీ పేరు మీద ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ మొబైల్ నంబరు, ఓటీపీతో చూసుకోవచ్చు. తెలియని నంబరు కనబడితే నాది కాదని అక్కడే నొక్కండి. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్ తీసుకున్నవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి. వేలిముద్ర సరిగా పడలేదని రెండుమూడుసార్లు వేయించుకుని ఇంకో సిమ్ తీసేవాళ్లు ఉంటారు.

కొత్త నంబరు చేతికొచ్చాక బోర్డు మీద రాయించడానికి, విజిటింగ్ కార్డులు కొట్టించడానికి తొందరపడొద్దు. మన చేతికొచ్చే కొత్త సిమ్ నంబర్లలో ఎవరో వదిలేసినవి కూడా ఉంటాయి. అలాంటిదైతే పాత మనిషి చుట్టాల ఫోన్లు, అప్పు వసూలు వాళ్ల ఫోన్లు ముందు వారంలోనే మొదలవుతాయి. వాట్సాప్ తెరిచి చూడండి, ఇంకెవరి ఫొటో గానీ గ్రూపులు గానీ కనిపిస్తాయేమో. అలాంటివి ఎక్కువగా ఉంటే అప్పుడే దుకాణానికి పోయి నంబరు మార్పించుకోండి. బోర్డు పెయింటర్‌ను ఆ తర్వాత పిలవొచ్చు.